నేల కరుగుతోందా, కరిగిస్తున్నారా?

ఉత్తర ధ్రువ ప్రాంతంలో గడ్డకట్టిన నేల కరుగుతున్నదన్న సంగతి తెలుగు పత్రికలు చదివేవాళ్లకి కొత్త కాదు. ఏడాదికి రెండు మూడుసార్లయినా ఆ వార్త ఏదో ఒక మూల కనిపిస్తుంది. కనిపించినప్పుడల్లా దాదాపు ఒకే వేషంలో కనిపిస్తుంది. శీర్షికలో బాంబు పేలుతుంది. రెండో పేరాలో "మానవాళి" ప్రమాదంలో పడుతుంది. ముగింపులో ప్రకృతి పగబడుతుంది, లేదా భూమాత కన్నెర్ర చేస్తుంది. కవులైతే ఇంకొక అడుగు ముందుకు వేసి మంచు చేత కన్నీరు కార్పిస్తారు. ఇంత హడావుడిలోనూ రెండు విషయాలు మటుకు కనిపించవు: ఆ నేలలోనించి వచ్చే నీరు, ఆ నీరు తాగే మనిషి.

సమాచారం అందకపోవటం వల్ల ఇలా జరుగుతున్నదని సరిపెట్టుకోవటానికి లేదు. గడ్డకట్టిన పీట్ నేలలు కరిగితే మంచినీటికి ఏమవుతుందో శాస్త్రజ్ఞులు ఇరవై ఏళ్లకి పైగా కొలిచి రాస్తున్నారు. అది మన దాకా వచ్చేసరికి బాంబుగానూ, పగగానూ, కన్నీరుగానూ మారిందంటే దోషం భాషలో ఉంది. భాషలో దోషం ఉన్నదంటే దృష్టిలో ఉన్నట్టే. సాహిత్యం బోధించి జీతం తీసుకునేవాడు భూమి పొరల జోలికి పోవటం ఏమిటని అడిగే మిత్రులకి నేను చెప్పేది ఇంతే. పొరలను తవ్వి చూడటం నాకు చాతకాదు. వాటిని గురించి మనవాళ్లు రాసే వాక్యాలను తవ్వి చూడటం నా వృత్తి.

ముందు వస్తువు సంగతి తేల్చుకుందాం. వరసగా రెండేళ్లు గాని అంతకు మించి గాని సున్నా డిగ్రీల సెంటీగ్రేడులోనో, అంతకన్నా చల్లగానో ఉండిపోయిన నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. దాన్ని మంచు అని రాయటం మొదటి తప్పు. అది మట్టి, ఇసక, రాయి. వాటి సందుల్లో బిగిసిన మంచు. ఇక పీట్ అంటే చల్లటి చిత్తడి నేలల్లో నాచూ, గడ్డీ, తుప్పలూ చచ్చి, గాలి ఆడని నీటి కింద సగం మాత్రమే కుళ్లి, వేల ఏళ్ల తరబడి పొర మీద పొరగా పేరుకున్న నల్లటి మెత్తటి పదార్థం. ఎండబెడితే మండుతుంది. ఐర్లండు పల్లెల్లో తరతరాలుగా అదే వంటచెరుకు. ఉత్తరార్ధగోళంలో ఇలాంటి పీట్ నేలలు సుమారు 37 లక్షల చదరపు కిలోమీటర్లు ఉన్నాయని లెక్క; అంటే భారతదేశం కన్నా ఎక్కువ. అందులో దాదాపు సగం గడ్డకట్టి ఉంది. అలాస్కా, కెనడా, పడమటి సైబీరియా దీనికి పెద్ద నెలవులు.

ఈ రెండింటి కలయికలో ఒక విశేషం ఉంది. వేసవిలో పైనున్న నాచు ఎండి, కింది చలి బయటికి పోకుండా, పైవేడి లోపలికి రాకుండా దుప్పటిలా కాపాడుతుంది. శీతాకాలంలో అదే నాచు తడిసి గడ్డకట్టి, చలిని లోపలికి పంపిస్తుంది. అంచేత చుట్టుపక్కల మామూలు నేల గడ్డకట్టలేనంత వెచ్చటి చోట్ల కూడా పీట్ కింద నేల గడ్డకట్టి నిలవగలుగుతుంది. కాని అలా నిలిచిన నేల ఎప్పుడూ కరగటానికి అంచు మీదే ఉంటుంది. దాన్ని కదిలించటానికి పెద్ద దెబ్బ అక్కర్లేదు.

కెనడా వాయవ్య భూభాగాల్లో, ఫోర్ట్ సింప్సన్ అనే ఊరికి దక్షిణంగా స్కాటీ క్రీక్ అనే వాగు ఉంది. 1990ల నుంచి అక్కడ నీటినీ, నేలనూ కొలుస్తున్నారు. అక్కడ గడ్డకట్టిన పీట్ చుట్టూ ఉన్న చిత్తడి కన్నా ఒకటి రెండు మీటర్ల ఎత్తున అరుగుల్లా ఉంటుంది. ఆ అరుగుల మీదనే నల్ల స్ప్రూస్ చెట్లు నిలబడగలవు. అరుగుల నడుమ గుంటల్లో నీరు నిలిచి ఉంటుంది. గడ్డకట్టిన అరుగే ఆ నీటికి గట్టు. ఒక చదరపు కిలోమీటరు మేర పాత విమాన చిత్రాలనూ, కొత్త ఉపగ్రహ చిత్రాలనూ పోల్చి చూస్తే, 1947లో 70 శాతం ఉన్న గడ్డ నేల 2008 నాటికి 43 శాతానికి దిగింది. అరుగు కరిగి కుంగుతుంది. చెట్లు తాగినవాళ్లలా ఒరిగి, నీట మునిగి చస్తాయి. గట్టు తెగి గుంటలోని నీరు వాగులోకి పోతుంది.

చెరువుకట్ట తెగితే ఏం జరుగుతుందో మన రైతుకి చెప్పక్కర్లేదు. తెగిన మర్నాడు కింద వాగు పొంగుతుంది. ఆ పొంగు చూసి నీళ్లు పెరిగాయని సంతోషించేవాణ్ణి ఊరు చూసి నవ్వుతుంది. స్కాటీ క్రీక్‌లో కూడా వాగు పారుదల పెరిగింది. వాన పెరగటం దానికి చాలిన కారణం కాదు. నిలవ నీరు బయటపడటం, ఇదివరకు వాగుతో సంబంధం లేని గుంటలు వాగులో కలవటం పెద్ద కారణం. కొన్ని దశాబ్దాలు గడిచాక నీరు తీసిన చోట్ల తిరిగి చెట్లు మొలుస్తున్నాయి. కాని కింద గడ్డ నేల తిరిగి రావటం లేదు. పాత గట్టు తిరిగి లేవటం లేదు. "బాంబు" అనే మాట ఎందుకు పనికిరాదో ఇక్కడ తెలుస్తుంది. బాంబు ఒక్కసారి పేలి ఊరుకుంటుంది. ఇది ఏళ్ల తరబడి ఒక్కొక్క కట్టే తెగటం.

సైబీరియా కథ ఇంతకన్నా విడ్డూరంగా ఉంటుంది. 1973 నాటి ఉపగ్రహ చిత్రాలతో 1997-98 నాటి చిత్రాలను పోల్చి, పెద్ద సరస్సులను లెక్కపెట్టారు. 10,882 ఉన్నవి 9,712 అయినాయి. ఉత్తరాన, నేల అంతా ఏకబిగిన గడ్డకట్టి ఉన్న చోట సరస్సులు విస్తరించాయి. దక్షిణాన, గడ్డ నేల ముక్కలు ముక్కలుగా ఉన్న చోట సరస్సులు కుదించుకుపోయాయి, మాయమైనాయి. కారణం ఊహించటం కష్టం కాదు. కరగటం మొదలైనప్పుడు నేల కుంగి గుంట పడుతుంది, నీరు చేరుతుంది. ఆ కరగటమే అడుగు దాకా పోతే గుంటకి అడుగుండదు, నీరు కిందికి ఇంకిపోతుంది. ఒకే కారణం ఒక చోట వరదగానూ, ఇంకొక చోట కరువుగానూ కనిపిస్తుంది.

ఇది పటంలో చుక్కల లెక్క మాత్రమే అనుకునేవారికి ఒక ఊరి పేరు చెబుతాను. అలాస్కా వాయవ్య తీరాన పాయింట్ లే అని ఇనూపియాట్ ప్రజల గ్రామం ఉంది. 2016లో ఆ ఊరికి తాగునీరిచ్చే సరస్సు, ఒడ్డున ఉన్న గడ్డ నేల కరగటంతో, పక్కనున్న నదిలోకి ఖాళీ అయింది. ఊళ్లో జనం ఎవరి మీదా యుద్ధం ప్రకటించలేదు, ఏ కట్టా తెంపలేదు. వాళ్ల మంచినీటి చెరువు మటుకు పోయింది.

నీటి పరిమాణం సంగతి ఇలా ఉండగా, నీటి గుణం సంగతి ఇంకా ముఖ్యం. గడ్డకట్టి ఉన్నంతకాలం పీట్ లోపలి పదార్థం నీటికి అందదు. కరిగాక, టీ ఆకు వేడి నీళ్లలో ఊరినట్టు, పీట్ నీళ్లలో ఊరుతుంది. వాగు డికాక్షను రంగు తిరుగుతుంది. పడమటి సైబీరియా నదుల నీటిని పరీక్షించి 2005లో ప్రకటించిన ఫలితాల్లో ఒక స్పష్టమైన గీత కనిపించింది. ఏడాది సగటు ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రాంతాల్లో, పీట్ ఎంత ఉన్నా, నీటిలో కరిగిన సేంద్రియ కార్బన్ తక్కువ. ఆ గీత దాటి వెచ్చటి ప్రాంతానికి వస్తే, పీట్ ఎక్కువ ఉన్నకొద్దీ అది ఎక్కువ. వాతావరణం వేడెక్కినకొద్దీ ఆ గీత ఉత్తరానికి జరుగుతుందని వేరే చెప్పాలా?

రంగు నీరు తాగితే ఏమిటి, మనం టీ తాగటం లేదా అని ఎవరైనా చమత్కరించవచ్చు. ఆ నీటిలో క్లోరిన్ కలిపినప్పుడు చమత్కారం ఆగిపోతుంది. క్లోరిన్ ఈ సేంద్రియ పదార్థంతో కలిసి ట్రైహాలోమీథేన్లనే రసాయనాలను పుట్టిస్తుంది. వాటిలో కొన్ని క్యాన్సరు కారకాలని అనుమానం. క్లోరిన్ వెయ్యకపోతే సూక్ష్మజీవుల భయం, వేస్తే ఈ భయం. పెద్ద నగరానికి పెద్ద శుద్ధి కేంద్రం ఉంటుంది, ముందుగా రంగు తీసేసి తరవాత క్లోరిన్ వేస్తారు. రెండు మూడు వందల మంది ఉన్న ఊరికి, ఇంటింటికీ లారీతో నీళ్లు తోలే ఊరికి, ఆ ఖర్చు ఎవరు పెడతారు?

పాదరసం కథ ఇంకా లోతు. వేల ఏళ్లుగా గాలిలోనించి మొక్కల మీద పడ్డ పాదరసం ఆ మొక్కలతో పాటే పీట్‌లో నిలవపడి ఉంది. పీట్ కరిగి కుంగిన చోట నీరు నిలుస్తుంది, గాలి ఆడదు. అలాంటి చోట కొన్ని బాక్టీరియాలు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. 1956లో జపానులోని మినమాటాలో బయటపడిన ఘోరానికి కారణమైన విషం ఇదే. నీటిలో అది రవ్వంత ఉంటుంది. నీటి పురుగులో కొంచెం ఎక్కువ, పురుగును తిన్న చిన్న చేపలో ఇంకా ఎక్కువ, చిన్న చేపను మింగిన పెద్ద చేపలో చాలా ఎక్కువ. ఆ పెద్ద చేపను మనిషి తింటాడు. కరిగి కుంగిన తడి నేలల్లో ఈ విషం పాళ్లు పెరగటాన్ని స్కాటీ క్రీక్‌లో కూడా కొలిచారు. ఆ ప్రాంతంలో కొన్ని సరస్సుల్లోని పెద్ద చేపలను తక్కువగా తినమని ప్రభుత్వ ఆరోగ్య శాఖ సలహా ఇస్తున్నది. అక్కడి చేపల్లో పాదరసానికి నేల కరగటం ఒక్కటే కారణమని నేను అనటం లేదు. సరస్సు లోతూ, చేప వయసూ, చుట్టూ ఉన్న చిత్తడీ అన్నీ కలిసి పనిచేస్తాయి. నేను అనేది ఇంకొకటి. దుకాణంలో సరుకు దూరాన్నించి వచ్చి మండే ధరకి అమ్మే చోట, చేపే తిండి అయిన చోట, "తక్కువ తినండి" అనే సలహా ఎవరి కంచంలో చెయ్యి పెట్టి చెబుతున్న సలహా?

ఇప్పుడు మన పత్రికల బాంబు దగ్గరికి తిరిగి వద్దాం. ఆ బాంబులో మందు కార్బన్. ఉత్తరాది పీట్ నేలల్లో సుమారు 41,500 కోట్ల టన్నుల కార్బన్ ఉన్నదన్నది గొప్ప సంగతే. అది గాలిలోకి లేస్తే ప్రపంచమంతా ఇంకా వేడెక్కుతుందన్నదీ నిజమే. ఆ లెక్క వద్దని ఏ బుద్ధిమంతుడూ అనడు. కాని ఆ లెక్క ఒక్కటే ఎందుకు శీర్షికకి ఎక్కింది? కార్బన్ గాలిలో కలిసి న్యూయార్కుకీ, లండనుకీ, హైదరాబాదుకీ వస్తుంది గనక. నీరు వాళ్ల వాగులోనే పారుతుంది, వాళ్ల చేపలోనే ఉంటుంది, వాళ్ల బిడ్డ ఒంట్లోనే చేరుతుంది గనక అది వార్త కాలేదు. మనకి వచ్చే నష్టం "మానవాళి" నష్టమట. వాళ్లకి వచ్చే నష్టం స్థానిక సమస్యట. ఒక జాతి కాపురముంటున్న ఊరిని ప్రపంచం తన నిలవ గదిగా చూస్తే ఇలాంటి వాక్యాలే పుడతాయి. గదిలో సరుకు భద్రంగా ఉందా లేదా అన్న దిగులే గాని, గదిలో మనుషులున్నారన్న ఎరుక ఉండదు.

ఈ అలవాటు పాతది. స్కాటీ క్రీక్ నీరు చివరికి చేరే మహానదిని అక్కడి డేనే ప్రజలు డేచో అంటారు. పెద్ద నది అని అర్థం. పటాలన్నీ మెకంజీ అంటాయి. 1789లో దాని వెంట సముద్రం దాకా ప్రయాణించిన బొచ్చు వ్యాపార కంపెనీ భాగస్వామి పేరు అది. నదికి అంతకు ముందే పేరున్నదని పటం గీసినవాడికి తోచలేదు. నీటికి ముందే తాగేవాళ్లున్నారని మనవాడికి తోచటం లేదు.

ఇక వ్యాకరణానికి వస్తాను. "నేల కరుగుతోంది" అనే వాక్యంలో కర్త ఎవరు? నేల. కరుగు అనేది అకర్మక క్రియ. ఆ పని చేసేదీ నేలే, అనుభవించేదీ నేలే. మధ్యలో ఇంకెవరికీ చోటు లేదు. ఇదే క్రియను ప్రేరణార్థకం చేసి "నేలను కరిగిస్తున్నారు" అని చూడండి. నేల కర్మ స్థానానికి జరుగుతుంది. కర్త స్థానం ఖాళీ అవుతుంది. ఎవరు అన్న ప్రశ్న దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పదో తరగతి పిల్లవాడికి తెలిసిన ఈ తేడా మన సంపాదకీయాల్లో ఎందుకు కనిపించదు? కర్త దొరకనప్పుడు కర్మ అని సరిపెట్టుకోవటం మనకి బాగా అలవాటు గనక.

ఈ అకర్మక వాక్యం ఎవరికి ఉపయోగపడుతుందో రుజువుకి దూరం పోనక్కర్లేదు. 2020 మే 29న సైబీరియాలోని నొరీల్స్క్ దగ్గర ఒక విద్యుత్ కేంద్రంలో ఇంధనపు ట్యాంకు కూలి, 20 వేల టన్నులకి పైగా డీజిలు బయటికి పోయింది. అంబర్నయా నది ఎర్రబారింది. ఆ కేంద్రం నొరీల్స్క్ నికెల్ అనే మహా కంపెనీకి చెందినది. కంపెనీ మొదట చెప్పిన కారణం ఏమిటి? ట్యాంకు కింద గడ్డ నేల కరిగిందని. చూశారా, ఎంత అందమైన అకర్మక క్రియ! నేల కరిగింది, ట్యాంకు కూలింది, నది పాడయింది. ఎవరూ ఏమీ చెయ్యలేదు. కాని ప్రభుత్వ తనిఖీదార్లు చూస్తే కట్టడంలో లోపాలూ, పర్యవేక్షణలో నిర్లక్ష్యమూ బయటపడ్డాయి. 2021లో న్యాయస్థానం సుమారు 14,600 కోట్ల రూబుళ్లు కట్టమన్నది, కంపెనీ కట్టింది. నేల వేడెక్కుతున్నదని తెలిసి కూడా ట్యాంకు కాళ్లను పట్టించుకోనివాడు కర్త కాడా? మన కవులు మంచు చేత కార్పించే కన్నీరు ఇలాంటి కంపెనీలకి ఎంత సుఖంగా ఉంటుందో ఆలోచించండి. కన్నీటి మీద నేరం మోపటానికి ఏ చట్టమూ లేదు.

పీట్ నేలల్లోకే వస్తే, కర్తలు ఇంకా సూటిగా కనిపిస్తారు. స్కాటీ క్రీక్ అడవిని పైనించి చూస్తే వంకర లేని గీతలు అడ్డదిడ్డంగా పరిగెడుతుంటాయి. భూమి లోపల చమురు ఉందా అని చూడటానికి, యంత్రాలు పోవటానికి చెట్లు కొట్టి తీసిన బాటలవి. అక్కడి సహజమైన వాగులన్నిటి పొడవు కన్నా ఈ బాటల పొడవే ఎక్కువ. చెట్టు పోతే నీడ పోతుంది, యంత్రం నడిస్తే నాచు నలిగిపోతుంది, దుప్పటి చిరుగుతుంది, కింద నేల కరుగుతుంది. ఆ బాటే కొత్త కాలవై చిత్తడిలో నీటిని వాగులోకి తీసుకుపోతుంది. 1985 నుంచి నార్మన్ వెల్స్ చమురు గొట్టం కూడా ఇలాంటి నేల మీదుగానే దక్షిణానికి పోతున్నది. "ప్రకృతి పగబట్టింది" అనే మాటను ఈ బాటల్లో ఏ ఒక్క దాని మీదనయినా నిలబెట్టి చూపించమనండి.

దీనికి మూడు ఆక్షేపణలు వస్తాయి. వాటికి సమాధానం చెప్పకుండా తప్పుకోవటం న్యాయం కాదు.

మొదటిది: ఇది సహజం, పూర్వం కూడా నేల గడ్డకట్టింది, కరిగింది. నిజమే. హిమయుగం ముగిసినప్పుడు విస్తారంగా కరిగింది. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. పీట్ మండలపు దక్షిణపుటంచున ఉన్న గడ్డ నేలల్లో కొన్ని, కొన్ని వందల ఏళ్ల కిందటి చల్లటి కాలంలో ఏర్పడి, నాచు దుప్పటి చాటున బతికి వస్తున్నవే. అవి ఎప్పటికైనా నెమ్మదిగా కరగవలసినవే. కాని "నెమ్మదిగా" అన్న మాటే ఇక్కడ ప్రాణం. యంత్రయుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకి 280 పాళ్లున్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. 1979 నుంచి ఉత్తర ధ్రువ ప్రాంతం మొత్తం భూమి కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. ముసలివాడు ఎప్పటికైనా చావవలసినవాడే గనక అతన్ని తోసినవాడిది తప్పు లేదనే వాదన ఇది. మనకి ఈ వాదన కొత్తా? నల్గొండలో ఫ్లోరైడు రాతిలోనే ఉన్నది, ఎవరేం చేస్తారు అంటూ ఎన్ని దశాబ్దాలు గడిపారు! విషం రాతిలో పుట్టిందన్నది నిజం. మంచినీరు తేకపోవటం రాతిలో పుట్టలేదు.

రెండోది: శాస్త్రజ్ఞులకే నిశ్చయం లేదు. ఇదీ కొంత నిజమే. గడ్డ నేలల్లో సుమారు 16 లక్షల టన్నుల పాదరసం ఉన్నదని 2018లో ఒక అంచనా వచ్చింది. 2020లో వచ్చిన ఇంకొకటి దాన్ని బాగా తగ్గించింది. అన్ని నదులూ ఒకే రకంగా ప్రవర్తించవు. కరగటం లోతుగా పోయి, నీరు పీట్ కింద ఖనిజపు మట్టిలోనించి ప్రవహించే చోట రంగు తగ్గటం కూడా జరగవచ్చు. అయితే ఏమిటి? అంచనా సగానికి తగ్గితే చేప తినేవాడికి సగం ధైర్యం వస్తుందా? సందేహం ఉన్న చోట ఎక్కువగా కొలవాలి. ఆ కొలిచే పనికే అడ్డంకులు వస్తున్నాయి. 2022లో యుద్ధం మొదలైనాక రష్యా శాస్త్రజ్ఞులకీ, పాశ్చాత్య దేశాల శాస్త్రజ్ఞులకీ మధ్య సహకారం చాలావరకు తెగిపోయింది. భూమి మీది గడ్డ నేలలో సగం దాకా రష్యాలోనే ఉంది. అదే సంవత్సరం స్కాటీ క్రీక్ పరిశోధన కేంద్రం నిర్వహణను అక్కడి లిడ్లీ కువె ప్రజలు స్వయంగా చేతిలోకి తీసుకున్నారు. మంచు కురవవలసిన అక్టోబరులో అడవి మంట వచ్చి ఆ కేంద్రంలో చాలా భాగం కాలిపోయింది. వాళ్లు తిరిగి పని మొదలుపెట్టారు. నిశ్చయం లేదని ఇక్కడ కుర్చీలో కూర్చుని పెదవి విరిచేవాళ్లు, నిశ్చయం కోసం బూడిదలోనించి లేచి నీళ్లు కొలుస్తున్నవాళ్లను ఒకసారి తలుచుకోవటం మంచిది.

మూడో ఆక్షేపణ మనవాళ్లలోనే వినిపిస్తుంది: ఇది సంపన్న దేశాల పాపం, మనకేం సంబంధం? పాపం పంపకంలో హెచ్చుతగ్గులున్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. అమెరికాలోనూ, కెనడాలోనూ తలకి ఏడాదికి సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు పోతుంటే, మన దేశంలో సుమారు 2 టన్నులు. "మానవాళి" అనే మాట ఈ పద్నాలుగునూ, ఈ రెంటినీ ఒకే సంచిలో పోసి ముడి వేస్తుంది గనకనే ఆ మాట మీద నాకు కోపం. కాని సగటు కూడా ఒక సంచే. మన రెండు టన్నుల్లో ఏసీ గదిలో నిద్రపోయేవాడి వాటా ఎంత, కల్లంలో నిద్రపోయేవాడి వాటా ఎంత? పైగా పాదరసం విషయంలో సంబంధం లేదనటానికి బొత్తిగా వీల్లేదు. బొగ్గు కాల్చినప్పుడు అందులోని పాదరసం గాలిలో కలిసి నెలల తరబడి తిరిగి, ధ్రువ ప్రాంతపు మొక్కల మీద కూడా పడుతుంది. 2018 నాటి ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం మనుషులు గాలిలోకి వదిలే పాదరసంలో ఐదో వంతు బొగ్గు పొయ్యిలదే. మొత్తంలో దాదాపు సగం ఆసియా ఖండానిదే. కొత్తగూడెం, రామగుండం పొగగొట్టాలు ఈ లెక్కకి బయట లేవు. సింగరేణి బొగ్గు తవ్వేవాడి మీద నేరం మోపటానికి ఇది చెప్పటం లేదు. అతని ఊపిరితిత్తుల్లో పడ్డ దుమ్మూ, డేచో ఒడ్డున చేపలో చేరిన విషమూ ఒకే పొయ్యి దగ్గర కలుసుకుంటాయని చెబుతున్నాను.

అంచేత రాసేవాళ్లని నేను కోరేది పెద్ద కోరిక కాదు. ఇకమీద ఈ విషయం మీద వచ్చే ప్రతి వ్యాసాన్నీ, ప్రతి కవితనూ మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇందులో నీరు ఉందా, కార్బన్ ఒక్కటే ఉందా? ఆ నీరు తాగేవాళ్లకి ఒక పేరూ, ఒక ఊరూ ఉన్నాయా, "మానవాళి"లో కలిసిపోయారా? క్రియకి కర్త దొరికాడా, నేల మీదకే నెట్టేశారా? ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేని రచన ఎంత ఆర్ద్రంగా ఉన్నా, ఎన్ని కన్నీళ్లు కార్చినా, నొరీల్స్క్ కంపెనీ మొదట ఇచ్చిన సంజాయిషీకి పద్యరూపమే అవుతుంది. విమర్శకులం ఆ మాట మొహమాటం లేకుండా అనాలి. సభల్లో చప్పట్లు కొట్టి, ఇంటికి పోయి నిట్టూర్చటం విమర్శ కాదు.

కన్నీటికి రంగు ఉండదు. కరిగిన పీట్ మీదుగా వచ్చే వాగుకి రంగు ఉంది, పులుపు ఉంది, అందులో ఏమేమి ఉన్నాయో చెప్పే కొలతలు ఉన్నాయి. ఆ కొలతలు ముందు తెలుగులోకి రావాలి. స్ఫాగ్నం నాచు ఎలా ఉంటుందో, పీట్ అరుగు ఎలా కుంగుతుందో, లారీ నీళ్ల ఊళ్లో పిల్లవాడు ఏ నీళ్లు తాగుతున్నాడో తెలిసిన తరవాత రాసే కవితలో మంచు ఎలా ఉంటుందో చూడాలని నాకు ఆశగా ఉంది. అది ఇప్పటి మంచంత తెల్లగా మటుకు ఉండదు.